చేపల బంగ్లాలో ఆ ఆదివారం

కనకలక్ష్మి పని అద్దాలు తుడవడం. కొత్తగూడ చౌరస్తా దాటి హైటెక్ సిటీ వైపు పోతుంటే కుడిచేతి పక్కన ఒక పెద్ద అక్వేరియం ఉండేది. ముందు నీలం అక్షరాలతో ఇంగ్లీషు పేరు రాసి ఉండేది గానీ మా గల్లీలో అందరూ దాన్ని చేపల బంగ్లా అనేవాళ్లు. లోపల రెండంతస్తుల ఎత్తున సముద్రపు నీళ్ల తొట్టి, దాని కిందినుంచి జనం నడిచిపోయేలా అద్దాల సొరంగం, ఇంకో పక్కన గోదావరి చేపలుండే మంచినీళ్ల తొట్లు. కనకలక్ష్మి పొద్దున ఏడింటికే పోయి, జనం వచ్చేలోపు ఆ అద్దాలన్నీ తుడిచేది.

నేనప్పుడు కొత్తగూడలోనే ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఒకే వాకిలి చుట్టూ ఉన్న ఆరు గదుల్లో ఒకటి మాది, ఒకటి వాళ్లది. వాళ్లమ్మాయి అనూష మా బడిలోనే నాలుగో తరగతి. జరిగింది నేను కళ్లారా చూడలేదు. కనకలక్ష్మి కొంత, ఆమె అన్న కొంత, అనూష కొంత చెప్పగా తెలుసుకున్నాను.

కనకలక్ష్మి మంచిర్యాల అవతల బొగ్గుబాయి కాలనీలో పుట్టింది. తండ్రి బాయిలో పనిచేసి ఊపిరితిత్తులు చెడి అన్‌ఫిట్ అయితే, ఆ ఉద్యోగం అన్న కొమురయ్యకొచ్చింది. ఆమెకేమో హైదరాబాదులో కారు నడిపే భాస్కర్‌తో పెళ్లైంది. కాపురానికొచ్చిన కొత్తలో మాదాపూర్‌లో లేస్తున్న బిల్డింగుల దగ్గర ఇటుకలు మోసింది. తర్వాత అవే బిల్డింగుల్లో ఒకదానిలో హౌస్‌కీపింగ్ పనికి చేరింది. ఆరో అంతస్తులో ఏ గోడకు తను ఇటుకలందించిందో, పైన ఎన్ని రంగులేసినా గుర్తుపడతానని నాతో అనేది. అక్కడ కాంట్రాక్టు మారి అందర్నీ తీసేసినప్పుడు చేపల బంగ్లాకొచ్చింది.

అక్కడ చేపల బాగోగులు చూసేది సెలీనా అనే అమ్మాయి. కాకినాడ నుంచి వచ్చింది. చేపల గురించే చదువుకుంది. పాతికేళ్లు దాటి ఉంటాయేమో. అద్దం తుడుస్తూ తుడుస్తూ చేపల్ని చూస్తూ నిలబడిపోయే కనకలక్ష్మిని ఆమె కొన్నాళ్లు గమనించి, ఒకరోజు మేత డబ్బా చేతికిచ్చిందట. "మీరు వేస్తే త్వరగా వస్తున్నాయండి, మీరే వేయండి," అని. అప్పట్నుంచి పొద్దున పూట మేత వేయడం కనకలక్ష్మి పనే అయింది. పెద్ద తొట్టిలో ఒక మచ్చల చేప ఉండేది. గున్నేనుగులా బరువైనది, కింది పెదవి ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. మిగతావన్నీ మేతకు ఎగబడితే అది మాత్రం అందరూ జరిగాక తాపీగా వచ్చేది. దానికి పటేలు అని పేరు పెట్టింది. సెలీనా కూడా రికార్డు పుస్తకంలో దాని ఇంగ్లీషు పేరు కింద పటేల్ అని రాసుకునేదట.

అక్కడ పనిచేసేవాళ్లకు ఏడాదికొకసారి ఇంటివాళ్లను ఊరికే తీసుకొచ్చి చూపించుకునే వీలుండేది. మొదటి ఏడు భాస్కర్‌కు సెలవు దొరకలేదు. రెండో ఏడు అనూషకు అమ్మవారు పోసింది. మూడో ఏడు, అంటే రెండువేల పదకొండులో, సకల జనుల సమ్మె వచ్చింది.

ఆ రోజులు తెలిసినవాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. బడులు బంద్, బస్సులు బంద్, ఆఫీసుల ముందు వంటావార్పు. మా బడి మూడు వారాలు తెరవలేదు. పిల్లలంతా వాకిట్లోనే పొద్దంతా. సింగరేణిలో బొగ్గు తీయడం ఆగిపోయింది. బొగ్గు లేక కరెంటు కోతలు మొదలయ్యాయి. మొదట గంట, తర్వాత రెండు గంటలు, తర్వాత చెప్పిందొకటి తీసేదొకటి. మేమెవ్వరం ఆ కోతల్ని తిట్టలేదు. నేను కూడా తిట్టలేదు. కొవ్వొత్తి పెట్టుకుని కూర్చుని, ఇంకెన్నాళ్లులే, రాష్ట్రమొస్తుంది అనుకునేవాళ్లం.

దసరా వెళ్లిన రెండోరోజు కొమురయ్య వచ్చాడు. ఇందిరా పార్కు దగ్గర ధర్నాకని యూనియన్ వాళ్లతో కలిసి రైల్లో నిలబడి వచ్చాడు. ధర్నా అయ్యాక చెల్లెలింట్లో రెండ్రోజులుండి పోదామనుకున్నాడు. నలభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. మాట మెల్లగా ఉంటుంది. నెలరోజులుగా బాయిలోకి దిగలేదు.

"ఇగ దిగేది తెలంగాణ వచ్చినంకనే అక్కా," అన్నాడు నాతో, మా గడపలో కూర్చుని టీ తాగుతూ. పెద్ద గొంతు చేయకుండా, రేపు పొద్దున లేస్తా అన్నంత మామూలుగా.

ఆదివారం నాడు చేపల బంగ్లాకు పోదామని కనకలక్ష్మే అంది. "అన్నా, నువ్వు సముద్రం చూళ్లే కద. గదే నీళ్లంట, జూద్దువు రా."

పదకొండింటికి నలుగురూ భాస్కర్ కారులో పోయారు. భాస్కర్ ఒక కంపెనీకి ఉద్యోగులను దింపే డ్యూటీ చేసేవాడు, సాయంత్రం ఐదున్నరకు పికప్ ఉంది. ఈలోపు తీరిక. అనూష దసరాకు కొన్న పట్టు లంగా వేసుకుంది. లోపల మొదట మంచినీళ్ల తొట్లు చూపించింది తల్లి. రవ్వలు, బొచ్చెలు, కొర్రమీన్లు. కొమురయ్య వాటి ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఇవి మా దిక్కువే," అన్నాడు ఎవరితోనో చెప్పినట్టు. తర్వాత సొరంగంలోకి పోయారు. తల మీదుగా చేటలా వెడల్పాటి టేకు చేప ఒకటి రెక్కలాడించుకుంటూ పోతే తల వంచుకున్నాడట, తగులుతుందేమోనని. అనూష నవ్వింది. కనకలక్ష్మి ఆ ఒక్క పావుగంట గురించి నాకు చాలాసార్లు చెప్పింది. తన పని తన వాళ్లు చూడటం అదే మొదటిసారి. పటేలు అద్దం దగ్గరికి వస్తే, "నన్ను గుర్తువట్టిండు," అని కూతురికి చెప్పిందట.

పదకొండున్నరకు కరెంటు పోయింది. ఒక్క క్షణం చీకటి, మళ్లీ జనరేటర్ అందుకుంది. ఎవరూ ఏమీ అనుకోలేదు. అప్పటికి అందరికీ అలవాటే. పన్నెండు ముప్పావుకు జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఈసారి లైట్లు రాలేదు. పైన గాజు పలకల్లోంచి పడే పగటి వెలుతురు తప్ప వేరే వెలుగు లేదు. కనకలక్ష్మికి ముందు తెలిసింది చీకటి కాదట, నిశ్శబ్దం. ఆ బంగ్లాలో ఎప్పుడూ ఒక హోరు ఉంటుంది. నీళ్లలోకి గాలి తోసే పంపుల చప్పుడు. రెండేళ్లలో ఆమె దాన్ని వినడమే మానేసింది. అది ఆగిపోయాక చెవులు మూసుకుపోయినట్టయింది.

సెలీనా మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. వెనకాలే మేనేజర్ విశ్వేశ్వరరావు, రెండు చేతుల్లో రెండు ఫోన్లు.

"డీజిల్ అయిపోయిందండి," అంది సెలీనా. "వారం నుంచి చెప్తున్నాను సార్."

"చెప్పావమ్మా. నేనూ చెప్పాను. నిన్న సాయంత్రం రావాల్సిన డ్రమ్ములు ఆ డీజిల్ వాడు వేరే కంపెనీకి దింపేశాడు. ఈ ఏరియాలో ప్రతి బిల్డింగూ జనరేటర్ మీదే నడుస్తోంది. ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లకే." ఆయన మళ్లీ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "బంకులవాళ్లు క్యాన్లలో పోయట్లేదు. అసలు స్టాకే లేదంటున్నారు. కరెంటాఫీసులో ఎత్తట్లేదు."

వచ్చిన జనాన్ని బయటికి పంపించారు. ఆ రోజు పనిలో ఉన్నవాళ్లు ఎనిమిది మందే. బస్సులు లేక సగం మంది రాలేకపోయారు. కనకలక్ష్మి తన వాళ్లను ఇంటికి పొమ్మంది. భాస్కర్ పోలేదు. క్యాన్ తీసుకుని, "నాకు తెలిసిన బంకొకటి నార్సింగి దిక్కుంది, చూసొస్తా," అని కారెక్కాడు. కొమురయ్య చొక్కా చేతులు పైకి మడుచుకుని, "ఏం చెయ్యాలె చెప్పుండ్రి," అన్నాడు.

చేయగలిగింది ఒకటే. నీళ్లను కలియబెట్టడం. పెద్ద తొట్టి మీద ఇనుప కమ్మీల నడవ ఒకటి ఉంటుంది. దాని మీద నిలబడి, బకెట్లకు తాళ్లు కట్టి, నీళ్లు తోడి, ఎత్తు నుంచి మళ్లీ అదే తొట్టిలోకి ధారగా పోయాలి. పడే నీళ్లతో పాటు కాస్త గాలి లోపలికి పోతుంది. లక్షల లీటర్ల తొట్టికి పది బకెట్లు. అది చాలదని సెలీనాకు తెలుసు. అయినా ఆమే మొదటి బకెట్ వేసింది.

బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపులు నాలుగు ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలన్నది ఆమే తేల్చాలి. గోడల వెంబడి ఉన్న చిన్న తొట్లలో పెట్టించింది, గుర్రం మూతి చేపలు, చారల చేపలు ఉన్నచోట. కనకలక్ష్మి ఆమె చేయి పట్టుకుని ఆపింది.

"మేడమ్, ఒక్కటన్న పటేలుకు పెట్టుండ్రి."

"అంత నీళ్లలో అది ఒకటి పెట్టినా ఒకటేనండి, పెట్టకపోయినా ఒకటే. ఈ చిన్నవాటిలోనైతే పనిచేస్తుంది."

"మరి పటేలునే చిన్నదాంట్లకు తెద్దమా?"

"ఆయన పట్టే వల లేదు కనకలక్ష్మి గారూ. పట్టినా, ఆ పెనుగులాటలోనే పోతాడు."

ఆయన, పోతాడు అందట సెలీనా. ఆ మాట విని కనకలక్ష్మి బకెట్ అందుకుంది.

ఒంటిగంటన్నరకల్లా చేపలు పైకి రావడం మొదలైంది. పొద్దున మేతకు వచ్చే రావడం కాదది. నీళ్ల అంచున నోళ్లు తెరిచి, మూసి, తెరిచి, ఒకదాని మీద ఒకటి పడుతూ నిలబడ్డాయి. బకెట్ ముంచితే చేతులకు తగులుతున్నాయి. రోజూ మేత వేసే చెయ్యి అని గుర్తుపట్టాయో ఏమో, కనకలక్ష్మి నిలబడ్డ వైపుకే ఎక్కువ వచ్చాయి. ఆమె అటు జరిగితే అటు, ఇటు జరిగితే ఇటు. "నన్నడిగినట్టే ఉండె అక్కా," అంది నాతో. "నా చేతుల ఏముంది, ఏమియ్యాలె?"

కొమురయ్య ఆపకుండా తోడుతూనే ఉన్నాడు. మిగతావాళ్లు పదినిమిషాలకొకసారి నడుం పట్టుకుంటున్నారు, అతను ఆగలేదు. మధ్యలో ఒక్కసారి చెల్లెలితో అన్నాడు, "బాయిల గాలి ఫ్యాన్ బందైతే సైరన్ కొడ్తరు లచ్చీ. ఏడి సామాను ఆడ్నే పడేసి పైకొస్తం. ఇవి పైకొచ్చినయ్. ఇంకేడికి పోతయ్?"

ఆ మాట పక్కనే ఉన్న సెలీనా చెవిన పడింది. చేతిలో బకెట్ ఆగిపోయింది.

"మీరు సింగరేణిలో చేస్తారా అండి?"

"అవును మేడమ్."

"సమ్మెలో ఉన్నారా?"

"ఉన్న."

సెలీనా ముఖం ఎర్రబడింది. "మరి ఇప్పుడెందుకండి ఈ బకెట్లు? మీరంతా పనిలోకి వెళ్తే ఈ కరెంటు పోయేది కాదు కదా. వీటికేం తెలుసండి మీ రాష్ట్రం, మా రాష్ట్రం? వీటినెందుకు చంపుతున్నారు?"

నడవ మీద అందరూ ఆగిపోయారు. అక్కడున్న ఎనిమిది మందిలో ఐదుగురు తెలంగాణ వాళ్లే. ఇంకో రోజైతే ఆ మాటకు గొడవయ్యేది. కనకలక్ష్మి అన్న వైపు చూసింది. సెలీనా వైపు చూసింది. ఇద్దరిలో ఎవరి పక్కన నిలబడాలో ఆమెకు తెలియలేదు. అన్న చేస్తున్నది న్యాయమని ఆమె నమ్మకం. నెలగా ఆ ఇంట్లో వదిన ఎలా నెట్టుకొస్తోందో కూడా ఆమెకు తెలుసు. సెలీనా అంటున్నదీ అబద్ధం కాదు.

కొమురయ్య బకెట్‌ను నీళ్లలోకి వదిలి, నిండాక పైకి లాగి, ధారగా పోశాడు. అప్పుడు చెప్పాడు.

"నేనొక్కణ్ని రేపు పోయి దిగినా కరెంటు రాదు మేడమ్. అందరం దిగుతే వస్తది. అందరం దిగుతే ఇన్నేండ్లు కొట్లాడింది పోతది. నేనేం జెయ్యాలె, మీరే చెప్పుండ్రి."

సెలీనా వేరే వైపుకు పోయి తోడటం మొదలుపెట్టింది. ఆమె ఏడుస్తోందని అనూష చెప్పింది నాకు. పెద్దవాళ్లు ఆ సంగతి చెప్పలేదు.

అనూషను కింద కుర్చీలో కూర్చోమన్నారు. ఆ పిల్ల కూర్చోలేదు. మంచినీళ్ల తొట్ల దగ్గరికి పోయి, అన్నం తెచ్చుకున్న స్టీలు గిన్నెతో నీళ్లు తీసి పోయడం మొదలుపెట్టింది. పట్టు లంగా మోకాళ్ల దాకా తడిసింది. అక్కడ బొచ్చెలు, రవ్వలు పక్కకు ఒరిగిపోతున్నాయి. కొర్రమీన్లకు మాత్రం ఏమీ కాలేదు. అవి పైకొచ్చి గాలి మింగి, మళ్లీ కిందికి పోతున్నాయి. "అమ్మా, గిట్ల మింగుమని మిగతావాటికి చెప్పరాదా," అని కింది నుంచి అరిచిందట.

మూడింటికి భాస్కర్ తిరిగొచ్చాడు. క్యాన్ ఖాళీ. నార్సింగి, ఖాజాగూడ, గచ్చిబౌలి, మూడు చోట్లా తిరిగాడు. బంకుల ముందు తాళ్లు కట్టేసి ఉన్నాయట. కాసేపు జనరేటర్ పక్కన నిలబడి ఆలోచించాడు. తర్వాత కారు దాని పక్కకు తెచ్చి ఆపి, ట్యాంకులోకి పైపు దించి, నోటితో పీల్చి, తన డీజిల్ మొత్తం క్యాన్‌లోకి దింపాడు. పాతిక లీటర్లదాకా వచ్చింది. విశ్వేశ్వరరావు ఫోన్లు జేబులో పెట్టుకుని వచ్చి క్యాన్ ఒక పక్క పట్టుకున్నాడు.

పోశారు. మీట తిప్పారు. ఇంజను తిరిగింది గానీ అందుకోలేదు. డీజిల్ పూర్తిగా అయిపోయే దాకా నడిచింది కాబట్టి పైపుల్లో గాలి పట్టింది. మెకానిక్‌కు ఫోన్ చేస్తే వాడు వరంగల్ దగ్గర ఊళ్లో ఉన్నానన్నాడు. భాస్కర్‌కు కారు ఇంజన్లు తెలుసు గానీ అంత పెద్దది ఎప్పుడూ విప్పలేదు. స్పానర్ అడిగి తీసుకుని, ఒక్కో నట్టు వదులు చేసి, చేత్తో పంపు కొట్టి, గాలి బుడగలు పోయి డీజిల్ చిమ్మే దాకా చూసి, మళ్లీ బిగించి, ఇంకోటి. నలభై నిమిషాలు పట్టింది. పైన తోడేవాళ్లకు కింది నుంచి ఒక్కో ప్రయత్నం వినిపిస్తోంది. అందుకుంటున్నట్టే అయి ఆగిపోవడం. మళ్లీ.

నాలుగుకు పది నిమిషాల ముందు జనరేటర్ అందుకుంది. పంపుల హోరు మొదలైంది. తొట్టి అడుగు నుంచి బుడగలు తెల్లగా లేచాయి. నడవ మీద అందరూ బకెట్లు పట్టుకుని అలాగే చూశారట. నీళ్ల అంచున ఉన్న చేపలు కొన్ని మెల్లగా కిందికి దిగాయి. పటేలు కూడా తొట్టి మధ్యలోకి పోయి నిలబడ్డాడు. మొప్పలు కదులుతున్నాయి. "బతికిండు," అంది కనకలక్ష్మి.

పాతిక లీటర్లు ఆ జనరేటర్‌కు అరగంట కూడా రాలేదు. నాలుగుంబావుకు మళ్లీ ఆగిపోయింది.

ఈసారి తోడటానికి చేతులు రాలేదు. అప్పటికి మూడు గంటలైంది తోడబట్టి. తాడు ఒరిసి కనకలక్ష్మి అరచేతుల తోలు ఊడిపోయింది, ఉప్పునీళ్లకు మంట. అయినా తోడారు. టేకు చేపలు ముందు పోయాయి. రెండు రెక్కలూ పరిచి అడుగున అలాగే ఉండిపోయాయి. అవి చచ్చిపోయాయని సెలీనా చెప్తే గానీ వీళ్లకు తెలియలేదు. తర్వాత గుంపులుగా తిరిగే వెండిరంగు చేపలు ఒకదాని వెంట ఒకటి పొట్టలు పైకి తేలాయి. నాలుగున్నర దాటాక పటేలు పైకి వచ్చాడు. కనకలక్ష్మి నిలబడ్డ చోటికే వచ్చి పక్కకు ఒరిగాడు. ఆమె బకెట్ వదిలేసి, నడవ మీద బోర్లా పడుకుని, రెండు చేతులూ నీళ్లలో పెట్టి అతన్ని నిటారుగా పట్టుకుంది. అంత బరువు ఆమె వల్ల కాలేదు. కొమురయ్య కూడా పడుకుని ఇంకో పక్క పట్టుకున్నాడు. అన్నాచెల్లెళ్లు అలా ఎంతసేపు పట్టుకున్నారో ఇద్దరికీ తెలియదు. సెలీనా వచ్చి, "వదిలేయండి, అయిపోయింది," అనే దాకా.

కరెంటు ఐదుంబావుకు వచ్చింది. లైట్లన్నీ ఒకేసారి వెలిగాయి. పెద్ద తొట్టిలో నీలం దీపాలు వెలిగి, తేలుతున్నవన్నీ స్పష్టంగా కనిపించాయి. ఆ దృశ్యం అనూష చూసింది. తల్లి ముఖం తిప్పబోయేలోపే చూసింది.

వాటినేం చేయాలన్నది మళ్లీ పరేషాన్. చెత్త బండ్లు కూడా వారం నుంచి సరిగ్గా రావడం లేదు. మంచినీళ్ల తొట్లలో పోయిన రవ్వలు, బొచ్చెలు చూసి, "కూరకు పనికొస్తాయి కద మేడమ్," అని సెక్యూరిటీ ఆయన అడిగాడు. నీళ్లలో మందులు కలుపుతామని, తినకూడదని సెలీనా చెప్పింది. భవనం వెనక ఖాళీ జాగాలో గుంత తీద్దామన్నాడు కొమురయ్య. గడ్డపార ఎక్కడుందో అడిగి తనే మొదలుపెట్టాడు. అది మన హైదరాబాదు నేల, రెండు అడుగులు పోగానే రాయి. ఇంకోచోట తవ్వాడు, అక్కడా రాయే. మూడోచోట కాస్త లోతు దొరికింది. ఒక్కో చేపనూ బకెట్లలో తెచ్చి పెట్టే ముందు సెలీనా రికార్డు పుస్తకం తెరిచి పేరు కొట్టేసి తారీఖు వేసింది. పటేలును నలుగురు మోశారు.

మట్టి కప్పడం అయ్యాక సెలీనా తన నీళ్ల సీసా తెచ్చి కొమురయ్యకిచ్చింది. అతను తీసుకుని సగం తాగి తిరిగిచ్చాడు. ఆమె మిగతా సగం తాగింది. భాస్కర్ కారులో డీజిల్ లేదు, సాయంత్రం పికప్ పోయింది. కారు అక్కడే వదిలేసి నలుగురూ నడిచి ఇంటికొచ్చారు. వాకిట్లోకి వస్తుంటే నేను చూశాను. కనకలక్ష్మి చేతులు చూసి పసుపు తెచ్చి పెట్టాను.

మర్నాడు కొమురయ్య రైలెక్కాడు. ఇంకో వారానికి బాయిల్లో సమ్మె ఆగింది. ఆ తర్వాత కొన్నాళ్లకు మిగతా సమ్మె కూడా ఆగింది. రాష్ట్రం రాలేదు. మొదటి షిఫ్టుకు దిగి పైకొచ్చాక చెల్లెలికి ఫోన్ చేశాడట. "దిగిన," అన్నాడట.

చేపల బంగ్లా ఇరవై రోజులు మూసి, మళ్లీ తెరిచారు. చిన్న తొట్లు అలాగే ఉన్నాయి. పెద్ద తొట్టిలో కొత్త చేపలు రాలేదు. నీళ్లు, రాళ్లు, నీలం దీపాలు. కనకలక్ష్మి ఆ ఖాళీ తొట్టి అద్దం కూడా రోజూ తుడిచింది. జనం తగ్గిపోయారు. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు విశ్వేశ్వరరావు అందర్నీ పిలిచి, ఫిబ్రవరి నుంచి రావద్దని చెప్పాడు. ఆయన్నూ రావద్దన్నారని తర్వాత తెలిసింది. సెలీనా వైజాగ్‌లో ఏదో పరిశోధన సంస్థలో చేరింది.

నేను ఒకసారి కనకలక్ష్మిని అడిగాను, ఆ రోజు నీకు ఎవరి మీదన్నా కోపం వచ్చిందా అని. కూర తరుగుతోంది. కత్తిపీట మీది నుంచి చేయి తీసింది.

"వస్తే మంచిగుండు అక్కా," అంది. "మా అన్న మీద రాలే. మేడమ్ మీద రాలే. గా సారు మీదన్నా రాలే, ఆయన ఫోన్లు చేసీ చేసీ గొంతు పోయింది. ఎవలన్నా ఒకలు తప్పు జేసుంటే తిట్టి పడుకుందును."

రెండువేల పద్నాలుగు జూన్ రెండున మా గల్లీలో పటాకులు కాల్చారు. భాస్కర్ కారుకు పూలదండ వేశాడు. మేమంతా రోడ్డు మీదికొచ్చి రంగులు చల్లుకున్నాం. కనకలక్ష్మి కూడా వచ్చింది, బతుకమ్మ ఆడింది, నిజంగా సంతోషంగా ఉంది. అప్పటికి ఆమె ఖాజాగూడ చెరువు అవతల ఒక అపార్ట్‌మెంట్‌లో మెట్లు ఊడ్చే పనికి పోతోంది. మధ్యాహ్నం ఆమె ఫోన్ మోగింది. సెలీనా. రెండేళ్ల తర్వాత.

"మీ రాష్ట్రం వచ్చిందిగా కనకలక్ష్మి గారూ. టీవీలో చూస్తున్నాను. మీకు చెప్దామనిపించిందండి."

"మంచిది మేడమ్."

"మీ అన్నయ్య గారు బాగున్నారా?"

"ఉన్నడు మేడమ్. ఇయ్యాల సెలవట. ఇంటికాడ్నే ఉన్నడు."

పక్కన కూర్చున్న నాకు ఫోన్‌లో మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. అవతల నుంచి సెలీనా, అనూష ఏం చదువుతోందని అడిగింది. ఏడో తరగతికి వచ్చిందని కనకలక్ష్మి చెప్పింది. లెక్కల్లో కొంచెం వెనకబడుతోందని, ట్యూషన్ పెట్టించాలని చెప్పింది. ఆ సంగతులే ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.